మెట్లగోడ మీద చోటు

సోమవారం పొద్దున్నే లిబ్రాదా ఓకరాన్సా కొట్టు తలుపు ఒక రెక్క తెరిచిందో లేదో, బొమ్మలేసే ఇకాసా మాస్టారు వచ్చి గడపముందు నిలబడ్డాడు. చేతిలో సంచి లేదు. సంచి లేకుండా కొట్టుకొచ్చేవాడు కొనడానికి రాడు, ఏదో అడగడానికే వస్తాడని ఆమెకి తెలుసు.

"చెప్పండి మాస్టారూ. మొక్కజొన్నా, చిక్కుళ్ళా?"

"రెండూ కాదు, దోన్యా లిబ్రాదా. మీ నడుముకున్న తాళంచెవుల గుత్తి ఒక్కపూట ఇస్తే బొమ్మ గీసుకుని తెచ్చిస్తాను."

లిబ్రాదా చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయింది. "గుత్తి ఎందుకు?"

"గోడ మీద ఒక చేతికి కావాలి."

"ఎవరి చేతికి?"

ఇకాసా నవ్వాడు. నవ్వితే మీసంలో ఇరుక్కున్న సున్నం పొడి రాలింది. "గోడ తయారయ్యాక అదే చెబుతుంది."

"సరుకు మూటలో దాచి బేరమాడేవాణ్ణి నేను గడప తొక్కనివ్వను. ఊళ్ళో తాళాలు ఇంకెవరికీ లేవా? చర్చిలో ఫాదరు దగ్గర నాకంటే పెద్ద గుత్తి ఉంది."

"ఆయన తాళాలు వేరమ్మా. నాకు గింజల గాదెవి కావాలి."

అంటూనే ఆయన గుత్తికేసి చూస్తున్నాడు. మామూలు చూపు కాదు. తూకం వేసేటప్పుడు ముల్లు మీద నిలిపే చూపు. పెద్దచెవి వంకర, చిన్నచెవుల తుప్పు, వాటిని గుచ్చిన తోలుతాడు, ఒక్కొక్కటే చూసుకుని, "సరే, ఉంటాను" అని వెళ్ళిపోయాడు. ఆయన వీధి దాటాక గానీ లిబ్రాదాకి వెలగలేదు. గుత్తి తను ఇవ్వకపోయినా ఆయన తీసుకునే పోయాడు.

ఎదుటి అరుగు మీద మొక్కజొన్న రొట్టెలు అమ్మే ఏస్తోలియా ఇదంతా చూసింది. ఆమె పెనం మీద రొట్టె మాడినా సరే, వీధిలో మాట మాత్రం మాడనివ్వదు.

"ఏమంటాడక్కా మాస్టారు? పెళ్ళి మాటలా?"

"నీ రొట్టె చూసుకో."

"నా రొట్టెకేం? నువ్వు నీ ముఖం చూసుకో. మునిసిపల్ గుమాస్తా చెప్పాడు, మెట్లగోడ మీద ఆ కరువు బొమ్మ వేస్తున్నారట. మూటల మీద గింజలు దాచిన షావుకారు కూర్చుని ఉంటాడట. కింద జనం ఖాళీ బుట్టలు పైకెత్తి పట్టుకుని ఉంటారట. షావుకారు చేతిలో తాళంచెవులట." ఏస్తోలియా రొట్టె తిప్పి, దాని మీద మెత్తగా తట్టింది. "ఇవాళ జడ అంత బాగా వేసుకోకక్కా. బొమ్మలో గుర్తుపడతారు."

లిబ్రాదా తలుపు రెండో రెక్క కూడా తెరిచి, చీపురు తీసుకుని ఊడ్చింది. నిన్న సాయంత్రం ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

తెకువాల్కో ఊరి మునిసిపల్ భవనంలో మెట్లదారి ఒక్కటే. బిడ్డ పుడితే పేరు రాయించడానికి ఆ మెట్లే ఎక్కాలి. పెళ్ళికి సంతకం పెట్టాలన్నా, చావు చెప్పాలన్నా, నీళ్ళ తగాదా తీర్చుకోవాలన్నా అవే మెట్లు. మెట్లు మలుపు తిరిగే చోట గోడ మనిషికి ఎదురుగా వస్తుంది, తప్పించుకుని పోయే దారి లేదు. రాజధాని నుంచి వచ్చిన మాస్టారు ఆ గోడకి ముతకగుడ్డ తెర కట్టించి, దాని వెనక పరంజా మీద పని చేస్తున్నాడు. రంగు పూసిన గోడ అయితే వానకో ఎండకో వెలుస్తుందని సరిపెట్టుకోవచ్చు. ఇది తడి సున్నం మీద వేసే బొమ్మ. రంగు సున్నంలోకి ఇంకి, దానితోపాటే రాయైపోతుంది. తను పోతుంది, కొట్టు పోతుంది, మనవరాళ్ళు తమ పిల్లల పేర్లు రాయించడానికి ఆ మెట్లెక్కుతారు. ఎక్కి, మలుపు తిరిగి, తలెత్తుతారు.

ఆ లెక్క ఎటు తిప్పి వేసినా నష్టమే తేలింది.

మధ్యాహ్నం ఆమె మునిసిపల్ భవనం పెరట్లోకి వెళ్ళింది. తాపీమేస్త్రీ తిబుర్సియో అక్కడ గుంటలో నానిన సున్నాన్ని తెడ్డుతో కలుపుతున్నాడు. అతని కూతురికి చర్చిలో పేరు పెట్టినప్పుడు బిడ్డని చేతుల్లో పట్టుకున్నది లిబ్రాదా. అప్పటినుంచి ఇద్దరికీ వదిన, మరిది వరస.

"ఏం వదినా, ఎండలో?"

"ఏం లేదు. సున్నం ఎలా వచ్చిందో చూద్దామని."

తిబుర్సియో తెడ్డు ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. "ఇన్నేళ్ళలో నువ్వు సున్నం చూడ్డానికి రాలేదు. ఏం కావాలో అడుగు."

"ఆ షావుకారు ముఖం ఎవరిది?"

"నాకేం తెలుసు? ఆయన ఒకరోజులో ఎంత బొమ్మ వెయ్యగలడో చెబుతాడు, నేను తెల్లారి అంతమేరకే తడిపూత వేస్తాను. కాగితం మీద గీసుకొచ్చిన బొమ్మకి సూదితో చిల్లులు పొడిచి, గోడకి ఆనించి, బొగ్గుపొడి మూటతో తడతాడు. చుక్కలు పడతాయి. చుక్కల్ని చూసి ముఖం చెప్పడానికి నేను సోదిగాణ్ణి కాను. పూత ఆరేలోపు ఆయన రంగు వెయ్యాలి. సాయంత్రం మిగిలిన పూత అంచు కోసేసి నేను ఇంటికి పోతాను."

"ఇప్పటిదాకా ఏం వేశాడు?"

"మూటలు. వాటి మీద నల్లశాలువా కప్పుకుని కూర్చున్న ఒళ్ళు. ఇవాళ పొద్దున తాళాలు పట్టిన చెయ్యి. ముఖం గురువారం."

"ఆ ఒళ్ళు మగదా, ఆడదా?"

"చెప్పాగా, శాలువా. మా నాన్నా కప్పుకునేవాడు, మా అమ్మా కప్పుకునేది." అతను మళ్ళీ తెడ్డు వేశాడు. సున్నం పెరుగులా మడతపడింది. "నీకెందుకు వదినా ఇదంతా?"

ఆ ప్రశ్న అడిగిన తీరు ఆమెకి నచ్చలేదు. జవాబు తెలిసినవాడు అడిగినట్టు అడిగాడు.

అనుమానం గాదెలో పడ్డ పురుగులాంటిది. ఒక్క మూటతో ఆగదు. సాయంత్రానికి అది అనక్లేతో దాకా పాకింది. అనక్లేతో ఆమె కొట్టులో హమాలీ. నుదుటికి తోలుపట్టీ తగిలించి, ఇద్దరు ఎత్తలేని మూటని ఒక్కడే వీపున మోస్తాడు. ఆ పట్టీ మోసి మోసి నుదురు చదునైంది, మెడ దున్నపోతు మెడలా లావెక్కింది, బరువుకి బిగించీ బిగించీ కింది పెదవి వేలాడుతూ ఉంటుంది. మాటకి మాట చెప్పలేని మనిషి. అలాంటివాడు వారం రోజులుగా మధ్యాహ్నం వేళ మాయమవుతున్నాడు. తిరిగొచ్చేటప్పుడు తల దువ్వుకుని వస్తున్నాడు.

"ఎక్కడికి పోతున్నావురా రోజూ?"

అనక్లేతో నేల చూశాడు. పెదవి కొసలు మాత్రం పైకి లేచాయి. "చెప్పకూడదన్నారు అమ్మగారూ."

"ఎవరన్నారు?"

"మాస్టారు."

గాదెలో ఏ మూట ఎక్కడుందో, ఆ కరువు ఏడు ఏ రాత్రి ఏ తలుపు వేసి ఉందో, ఊళ్ళో లిబ్రాదా తర్వాత తెలిసినవాడు వీడొక్కడే. ఇంతకాలం నోరు లేనివాడనుకుంది. నోరు లేనివాళ్ళని కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగితే ఎంత చెబుతారో!

మర్నాడు ఆమె ఇకాసాని భోజనానికి పిలిచింది. ఎండుమిరప మోలే పులుసు, అందులో టర్కీకోడి కాలు, వేడి రొట్టెలు. ఆయన కాలు తిన్నాడు, పులుసు రొట్టెతో తుడుచుకుని తిన్నాడు, వేళ్ళు కూడా వదల్లేదు.

"మా అనక్లేతో మీకేమైనా చెబుతుంటాడా?" అంది ఆమె నీళ్ళు అందిస్తూ.

"వాడా? గంటసేపు కూర్చున్నా ఒక్కమాట మాట్లాడడు. బంగారం లాంటి మనిషి."

"మరి ఎందుకు కూర్చోబెడుతున్నారు?"

"చాలా బాగుందమ్మా మోలే," అన్నాడు ఇకాసా లేస్తూ. "మా అమ్మ కూడా ఇంత చిక్కగా చెయ్యదు."

పులుసు పోయింది, మాట రాలేదు.

గురువారం ఆమె కొట్టు మూసింది. సంత రోజు కొట్టు మూసిందేమిటని ఏస్తోలియా అరిచి అడిగినా పలకలేదు. తైబజారు గుమాస్తాతో పనుందని చెప్పి భవనంలోకి వెళ్ళి, మలుపు దగ్గర మెట్టు మీద కూర్చుంది. తెర వెనక కుంచె గిన్నె అంచుకి తగిలిన చప్పుడు. కాసేపటికి మళ్ళీ అదే చప్పుడు. తడి సున్నం వాసన చల్లగా, పచ్చిగుడ్డు వాసనలా దిగుతోంది. ఎవరో ఒకావిడ చంటిబిడ్డని ఎత్తుకుని పక్కనుంచి ఎక్కి వెళ్ళింది.

పొద్దు వాలుతుండగా ఇకాసా పరంజా దిగి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. లిబ్రాదా లేచింది. తెర కొస ఎత్తి లోపలికి వెళ్ళింది.

ముఖం ఆమెది కాదు.

చదునైన నుదురు, మూటల మధ్యలోంచి మొలిచినట్టున్న లావు మెడ, వేలాడే కింది పెదవి. అనక్లేతో. పెదవికి కొంచెం తడి మెరుపు పెట్టాడు మాస్టారు. ఆ ఒక్క మెరుపుతో ఓపికంతా దురాశైపోయింది. మెడ కొవ్వుతో బలిసినట్టుంది. కళ్ళు సగం మూసి, కింద బుట్టలెత్తిన జనాన్ని చూడకుండా చూస్తున్నాయి. చేతిలో మాత్రం ఆమె గుత్తే. పెద్దచెవి వంకరతో సహా.

లిబ్రాదా నోటికి శాలువా అడ్డం పెట్టుకుంది. ఎన్ని రోజుల తర్వాతో ఊపిరి నిండుగా ఆడింది. మెట్లు దిగుతుంటే మోకాళ్ళ నొప్పి కూడా తెలియలేదు.

కొట్టు దగ్గర అనక్లేతో మూసిన తలుపుకి ఆనుకుని కూర్చున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఆమెకి వాడి మీద జాలో ప్రేమో తెలియనిది పొంగి, సంతలో కొన్న జామపండ్లు రెండు వాడి చేతిలో పెట్టింది.

"నాకు తెలిసిపోయిందిలే. గోడెక్కావు."

వాడు ఉలిక్కిపడ్డాడు. తర్వాత ముఖమంతా విచ్చుకుంది. "చూశారా అమ్మగారూ? బాగుందా?"

"నువ్వు చూడలేదూ?"

"పూర్తయ్యాక, అందరితో చూడమన్నారు. కానీ నాకు తెలుసు." వాడు గొంతు తగ్గించాడు. "నేను సాన్ పెద్రోని."

"ఏమిటీ?"

"సాన్ పెద్రో అమ్మగారూ. స్వర్గం తలుపు తాళాలు ఉండేది ఆయన దగ్గరేగా? మాస్టారు నా చేతికి తాడుముక్క ఇచ్చి, ఇవి తాళాలనుకో, కింద జనం చేతులెత్తి నిన్ను అడుగుతున్నారనుకో అన్నారు. నేనడిగాను, ఎత్తులో కూర్చుంటానా అని. అందరికంటే ఎత్తులో అన్నారు." వాడు జామపండు తినకుండా రెండు చేతుల మధ్య తిప్పుతున్నాడు. "కొండ మీద మా పల్లెకి కబురు పంపాను. ఆదివారం తెర తీసేసరికి మా పిన్ని, ఆమె పిల్లలూ అందరూ వస్తారు. మా వంశంలో చర్చిలోకి కూడా ఎవరూ ముందువరసకి పోలేదు అమ్మగారూ."

వాడి లెక్కలో, గోడ మీద పైన కూర్చున్నవాడికి కిందివాళ్ళు చేతులు చాస్తున్నారంటే ఆయన దేవుడి మనిషే. పుట్టినప్పటినుంచీ వాడు చూసిన గోడలన్నీ చర్చిగోడలే.

లిబ్రాదా గడప మీద కూర్చుండిపోయింది. ఎదురుగా ఏస్తోలియా పెనం కింద నిప్పు ఆర్పుతోంది. ఆదివారం నాడు ఈమె నోట్లోంచి మొదటి నవ్వు వస్తుంది. తర్వాత ఊరంతా. వీడు నవ్వెందుకో తెలియక తనూ నవ్వుతాడు. ఆ తర్వాత ఎవడో ఒకడు చెబుతాడు. రోజూ ఆ మెట్లముందునుంచే మూటలు మోసుకుపోవాలి వీడు. నష్టం తనది కాదు. కానీ ఊళ్ళో గింజలు ఎవరు దాచారో తెలియనివాడు లేడు. అబద్ధం గోడెక్కితే జనం ఊరుకుంటారా? మరి అసలు మనిషి ఎవరు అని ప్రతివాడూ, ప్రతిసారీ, మెట్టు మెట్టుకీ ఆమె పేరే ఎత్తుతాడు. పేరూ పోతుంది, పైగా హమాలీ ముఖం వెనక దాక్కుందన్న మాట వడ్డీ.

ఆమె అలా లెక్క కట్టుకుంది. అయితే లెక్క పూర్తికాకముందే లేచి నడుస్తోందన్న సంగతి గమనించలేదు.

తెర లోపల తిబుర్సియో తాపీతో పూత అంచు ఏటవాలుగా కోస్తున్నాడు. ఇకాసా కుంచెలు నీళ్ళలో ఆడిస్తున్నాడు.

"మాస్టారూ, ఆ ముఖం తీసెయ్యాలి."

ఇకాసా వెనక్కి తిరిగాడు. "తెర ఎత్తి చూశారన్నమాట."

"చూశాను. వాడేం దాచాడని వాణ్ణి అక్కడ కూర్చోబెట్టారు? వాడింట్లో దాచడానికి డబ్బా కూడా లేదు."

"నాకు వాడేం దాచాడన్నది కాదమ్మా ముఖ్యం. మెడ కావాలి. ఈ ఊళ్ళో అలాంటి మెడ ఇంకొకటి లేదు. గోడ మీద అది వాడు కాదు, షావుకారు."

"మీరు రాజధానికి పోతారు. మీకు షావుకారే. ఇక్కడ ఉండేవాళ్ళకి అనక్లేతో."

ఇకాసా కుంచె విదిలించాడు. "మొదట నేను వేరే ముఖాలు అనుకున్నాను. మునిసిపల్ ప్రెసిడెంటుగారు వద్దన్నారు. కొట్లవాళ్ళ ముఖాలు వేస్తే గొడవ చేస్తారు, ఎవరూ అడగని ముఖం చూసుకోండి అన్నారు."

"అంటే చవగ్గా దొరికింది."

తిబుర్సియో తాపీ గోడ మీదే ఆగిపోయింది.

"నాది వెయ్యండి," అంది లిబ్రాదా. "నేను గొడవ చెయ్యను. ప్రెసిడెంటుకి కూడా నేనే చెబుతాను."

ఇప్పుడు అనుమానం ఇకాసా వంతు అయింది. ఆయన ఆమెని పైనుంచి కిందికి చూశాడు. "ఇందులో మీకేం లాభం?"

"అన్ని బేరాలూ లాభానికే చేస్తారా?"

"మీరు చేస్తారనే ఊరంతా చెప్పింది."

"ఊరు సరిగ్గానే చెప్పింది." ఆమె గోడకేసి చూసింది, చూపుడువేలు ఎత్తింది. "ఆ తాళాలు నావి. ఆ మూటల మీద చుట్టిన తాడుముడి నాది. ఆ మెడ అలా తయారైంది మోసి. వాడు మోసినవి కూడా నావే. అన్నీ నావి పెట్టుకుని ముఖం ఒక్కటి వాడిది పెడితే ఎలా కుదురుతుంది మాస్టారూ?"

ఇకాసా వేలి కొసతో ముఖం అంచున పూతని నొక్కి చూశాడు. ఇంకా మెత్తగానే ఉంది.

"పచ్చిగా ఉన్నప్పుడే తియ్యాలి వదినా," అన్నాడు తిబుర్సియో, మాస్టారితో కాదు, ఆమెతో. "రేపటికైతే సుత్తి కావాలి."

ఇకాసా తల ఊపాడు. తాపీ మెడ కింద దిగింది. పెదవి, నుదురు, సగం మూసిన కళ్ళు, ఒక్కో పెళ్ళగా ఊడి పరంజా పలకల మీద మెత్తగా పడ్డాయి. ఆమె చివరిదాకా నిలబడి చూసింది.

మర్నాడు ఆమె మూటల మీద కూర్చుంది. ఇకాసా బొగ్గుతో గీశాడు. "గడ్డం దించకండి," అన్నాడు. "ఎవరో ఏదో అడుగుతున్నారనుకోండి."

"ఇచ్చానా లేదా?"

"మీకే తెలియాలి."

ఆమె ఇంక కదల్లేదు.

గుమాస్తా నోటినుంచి ఊరికీ, ఊరినుంచి అనక్లేతోకీ చేరడానికి శుక్రవారం ఒక్కరోజు చాలింది. శనివారం పొద్దున వాడు కొట్టుకొచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"నా ముఖం గీకేశారట."

"అవును."

"పూత పగిలిందా?"

పగిలిందని చెప్పడం ఎంత తేలిక! కానీ వాడు మేస్త్రీని అడుగుతాడు, తిబుర్సియోకి అబద్ధం చేతకాదు. "లేదు," అంది.

"మీ ముఖం వేస్తున్నారట అక్కడ."

"అవును."

ఎప్పుడూ మాటకి తడుముకునేవాడికి ఆ రోజు మాటలు వాటంతటవే వచ్చాయి. "మీకు కొట్టుంది. గాదె ఉంది. చర్చిలో ముందువరస ఉంది. నాకు ఒక్కటి దొరికితే అది కూడా మీకే కావాలా?"

నిజం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే వాడి కోపం పోతుంది. పోయి, దాని చోట ఏం కూర్చుంటుందో ఆమెకి కనిపించింది. వాడి ముఖం చూసి ఊరుగాని ఊరి మనిషికి ఏం తోచిందో, ఊరి ప్రెసిడెంటుకి అదెంత చవక అనిపించిందో, వాడికి జీవితాంతం తెలిసే ఉంటుంది.

"కావాలి," అంది.

వాడు తోలుపట్టీ తీసి మూటల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికల్లా కంచరగాడిదల సావిట్లో పనికి కుదిరాడని ఏస్తోలియా చెప్పింది. ఆ రోజు చెప్పేటప్పుడు ఆమె నవ్వలేదు.

ఆదివారం పూజ అయ్యాక జనం మెట్లకింద కిక్కిరిశారు. ప్రెసిడెంటు రెండు మాటలు చెప్పి, లిబ్రాదా వైపు చూడకుండా తాడు లాగాడు. తెర జారింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నల్లశాలువాలో, మూటల మీద, గడ్డం ఎత్తి, సగం మూసిన కళ్ళతో ఆమె. కింద ఖాళీ బుట్టలు. ఒకాయన దగ్గాడు. ముందు ఒకరిద్దరు, తర్వాత అందరూ గోడనుంచి తల తిప్పి, మనిషికేసి చూశారు. లిబ్రాదా స్తంభం పక్కన నిలబడి ఉంది. పక్కకి జరగలేదు.

అప్పుడు ముందువరసలోంచి అనక్లేతో గొంతు లేచింది. పక్కన పండుముసలి పిన్ని, ఆమె వెనక కొండపల్లె పిల్లలు, అందరూ ఉతికిన బట్టల్లో.

"చూశావా పిన్నీ? అది నా చోటు. ఆమె నన్ను దింపి తనెక్కింది."

గుంపులో ఎక్కడో ఒక నవ్వు పగిలింది. దాని వెంట ఇంకొకటి. ఏస్తోలియా అనక్లేతో వైపు ఒక అడుగు వేసింది. "ఒరే పిచ్చివాడా, ఆ చోటు ఏమిటో నీకు తెలుసా? అక్కడ కూర్చున్నది..."

"నేనే!" అంది లిబ్రాదా. సంతలో ఆ మూలనుంచి ఈ మూలకి వినపడే గొంతు అది. "వాడు చెప్పింది నిజం. చోటు వాడిది. నాకు కావాలనిపించింది, అడిగాను, ఇచ్చారు. నువ్వేం మధ్యలో వస్తావు ఏస్తోలియా?"

ఏస్తోలియా ఆమెని చూసింది. వాణ్ణి చూసింది. తెరిచిన నోరు అలాగే కాసేపు ఉండి, మెల్లగా మూసుకుంది. ఆ నోరు అలా మూసుకోవడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. వెనక నవ్వులు కూడా ఎలా ఆగాయో ఆగాయి.

పిన్ని మాత్రం ఇదేమీ పట్టనట్టు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకేసి చూస్తోంది. ఆమె కళ్ళకి ఎంత ఆనిందో గానీ, తీరిగ్గా, మెట్టు మెట్టుగా దిగినట్టు ఆ ముఖమంతా చూసింది.

"పోనీలేరా," అంది చివరికి. "ఆ ముఖంలో కళ లేదు. నువ్వయితే నిండుగా ఉండేవాడివి."

అనక్లేతో తల ఎత్తాడు. రెండు రోజులుగా వంగి ఉన్న ఆ లావు మెడ మెల్లగా నిటారైంది.

"నిజమే పెద్దమ్మా," అంది లిబ్రాదా. "వాడైతే నిండుగా ఉండేవాడు."